మడత కాజా, బూరెల మూకుడు, ఫోన్‌లో దొడ్డమ్మ

మా పిన్ని కూతురి పెళ్ళి సారెలో, ఊరంతా పంచగా మిగిలినవాట్లో మా వాటాకి నాలుగు మడత కాజాలు వచ్చాయి. మండపేట దగ్గర తాపేశ్వరంలో చెప్పి చేయించినవి, ఒక్కోటి అరచెయ్యంత. గోదావరి జిల్లాల సారె సంగతి తెలిసిందేగా, లడ్డూలు నూటొకటి, కాజాలు నూటొకటి, మైసూర్‌పాకులు, సున్నుండలు, అరిసెలు, పైన అరటి గెలలు. తినేవాళ్ళు ఎంతమంది ఉన్నారన్నది ఎవరూ లెక్కపెట్టరు, వీధి చివరివాళ్ళ దాకా పంచామా లేదా అన్నదే లెక్క. ఆ నాలుగు కాజాలూ బస్సులో నా ఒళ్ళో కూర్చుని హైదరాబాద్ వచ్చాయి. కూకట్‌పల్లిలో దిగేసరికి రెండే ఉన్నాయి. ఈ సంగతి మా ఆయనకి ఇప్పటిదాకా తెలీదు, ఇది చదివితే తెలుస్తుంది.

ఆయన ఒకటి తిని వేళ్ళు నాకుతూ "మైదా, పంచదార, నూనె. ఇంతేగా ఇందులో? ఇంట్లో రాదా?" అన్నారు. ఆ "ఇంతేగా" అన్న మాటకి నాకు మూడు ఆదివారాలు, రెండు కేజీల మైదా, లెక్కలేనంత నూనె ఖర్చయ్యాయి.

ముందు ఒక మాట చెప్పాలి, లేకపోతే కాకినాడవాళ్ళు కామెంట్లలో పోట్లాటకొస్తారు. కోటయ్య కాజా అంటారే, ఆ గొట్టం కాజా వేరు. పైకి పొడిగా బుద్ధిమంతురాలిలా ఉండి కొరకగానే పాకం చిమ్ముతుంది, తెల్ల చొక్కా వేసుకుని తినకూడదు. నేను చెప్పేది తాపేశ్వరం మడత కాజా, పోలిశెట్టి సత్తిరాజు గారు మొదలుపెట్టినది. పొరలు పొరలుగా విచ్చుకుని, ఆ పొరల మధ్యన పాకం పట్టుకుని ఉంటుంది. గొట్టం కాజా జోలికి నేను వెళ్ళలేదు, వెళ్ళే ధైర్యమూ లేదు. పూరీ జగన్నాథుడి దగ్గర ప్రసాదంగా దొరికే ఖజా కూడా పొరల వంటకమే, బీహార్‌లో సిలావ్ ఊరి ఖజాకైతే 2018లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. పూరీది నేను తిన్నాను, బాగానే ఉంటుంది కానీ పొడిపొడిగా రాలిపోతుంది. తాపేశ్వరం కాజా తిని పెరిగిన నాలిక్కి చేతికి పాకం అంటకపోతే కాజా తిన్నట్టే ఉండదు, ఏం చేస్తాం.

మొదటి ఆదివారం ఏదో వీడియో చూసి మొదలుపెట్టాను. పది నిమిషాల్లో కాజా అట. ఆవిడ నవ్వుతూ చెబుతుంటే నిజమేననిపించింది. పిండి కలిపాను, ఒత్తాను, చుట్టాను, కోశాను, అన్నీ బానే వచ్చాయి. నూనె పూరీలకి కాగినట్టు కాగనిచ్చి వేశాను. రెండు నిమిషాల్లో బంగారు రంగు. అబ్బ, ఎంత అందంగా ఉన్నాయో, ఫోటో కూడా తీసి మా కజిన్స్ గ్రూప్‌లో పెట్టేశాను (ఇక్కడే తప్పు చేశాను). పాకంలో వేసి తీసి, ఒకటి బొటనవేలితో మధ్యకి విరిచి చూద్దును కదా, పైన రెండు పొరలు కరకర, దాని లోపలంతా తెల్లగా, తడిగా, ముద్దగా పచ్చి పిండి. వేలికి అంటుకుని సాగింది. పాకం ఆ పై రెండు పొరల్నీ దాటి లోపలికి ఒక్క చుక్క పోలేదు. మా ఆయన ఏమీ అనకుండా పై పొరలు ఒలుచుకుని తిన్నారు, పనసకాయ తొనలు తిన్నట్టు. గ్రూప్‌లో అప్పటికే పదిహేను లైకులు, "మాకేవి?" అని మెసేజులు.

సాయంత్రం దొడ్డమ్మకి ఫోన్ చేశాను. ఆవిడది రావులపాలెం దగ్గర, వయసు డెబ్భై దాటింది, ఒకప్పుడు మా ఇళ్ళల్లో ఏ శుభకార్యం వచ్చినా పిండివంటల పొయ్యి దగ్గర పీట ఆవిడదే. జరిగింది చెప్తే ఒకటే అడిగింది. "ఎంతసేపు వేయించావే?" రెండు మూడు నిమిషాలన్నాను. అటువైపు ఆవిడ నవ్వడం, పక్కన ఎవరికో చెప్పడం, వాళ్ళూ నవ్వడం వినిపించింది.

"రెండు నిమిషాలు వేయించడానికి అది అప్పడమా? వచ్చే వారం చేసేటప్పుడు ఫోన్ చెయ్యి, నేను చెప్తాను."

రెండో ఆదివారం వీడియో కాల్ పెట్టి ఫోన్‌ని కందిపప్పు డబ్బాకి ఆనించాను. ఆవిడకి కంటి ఆపరేషన్ అయ్యాక చిన్న తెర మీద ఏదీ సరిగ్గా ఆనదు. నేను "దొడ్డమ్మా, కనబడుతోందా, బుడగలు వస్తున్నాయి చూడు" అంటుంటే, "నాకేం కనబడట్లేదు కానీ ఫోన్ మూకుడు దగ్గరగా పెట్టు, వింటాను" అంది. నూనె చిందుతుందేమోనని భయపడుతూనే చెయ్యి చాచి పట్టుకున్నాను. ఆవిడ ఒక్క క్షణం విని, "అంత గోల చేస్తోందేంటే నూనె! దించు, దించెయ్" అంది. పొయ్యి ఆపేసి మూకుడు పక్కన పెట్టాను. ఐదు నిమిషాలయ్యాక ఒక కాజా వెయ్యమంది. వేశాను. అది చప్పుడు చెయ్యకుండా అడుక్కి వెళ్ళి కూర్చుంది. చచ్చిపోయిందేమో అనుకున్నాను. కాసేపటికి దాని అంచుల్లోంచి చిన్న చిన్న బుడగలు, ఆవగింజలంత, ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి. "ఇప్పుడు వినబడుతోంది. వాన తగ్గాక చూరు కారినట్టు ఉండాలి, జడివానలా కాదు. ఇంక సన్నసెగ మీద పెట్టి ముట్టుకోకు" అంది. మూడు నాలుగు నిమిషాలకి కాజా దానంతట అదే పైకి తేలింది, తేలాక కోసిన వైపు పొరలు ఒక్కోటీ విడివడి, పుస్తకం పేజీలు గాలికి లేచినట్టు, నా కళ్ళముందే విచ్చుకున్నాయి. ఆ క్షణంలో నేను అరిచిన అరుపుకి మా ఆయన టీవీ ఆపి వచ్చారు, చెయ్యి కాలిందేమోనని.

ఆయన ఇంజనీరు కదా, వినడం, చూరు కారడం ఇవన్నీ ఆయనకి నచ్చవు. మర్నాడే ఆన్‌లైన్‌లో వంట థర్మామీటర్ తెప్పించారు. మళ్ళీ చేసినప్పుడు దొడ్డమ్మకి చెప్పకుండా అది నూనెలో పెట్టి, ఫోన్ దగ్గరగా పట్టుకున్నాం. ఆవిడ "ఎక్కువైంది" అన్నప్పుడు చూస్తే 165 డిగ్రీలు. "ఊఁ, ఇప్పుడు సరే" అన్నప్పుడు 130కి కాస్త అటూఇటూ. రెండు సార్లు పరీక్ష పెట్టాం, రెండు సార్లూ అంతే. మూడోసారి మా ఆయన థర్మామీటర్ కడిగి డబ్బాలో పెట్టేశారు.

ఇది తెలిశాక నాకు అర్థమైందేంటంటే, కాజాలో పిండి కంటే సెగే ముఖ్యం. పిండి కాస్త అటూఇటూ అయినా తినొచ్చు. నూనె వేడి ఎక్కువైతే పైపొర గట్టిపడి తలుపు మూసేస్తుంది, లోపలి తడి ఆవిరై బయటికొచ్చే దారి ఉండదు, పొరల మధ్య అంతా ఉడికీ ఉడకని ముద్ద. మరీ చల్లగా ఉంటే ఇంకో గొడవ, నూనె తాగేసి ఒత్తితే కారుతుంది. అందుకే 130 దగ్గర వేసి, తేలి విచ్చుకున్నాక మంట కొద్దిగా పెంచి, చివరికి 150 దగ్గర రంగు రానిచ్చి తియ్యాలి. ఒక వాయికి 12 నుంచి 15 నిమిషాలు. నాలుగు వాయిలకి గంట. పది నిమిషాల కాజా అన్న ఆవిడ ఇంట్లో గడియారం ఎలా తిరుగుతుందో మరి.

షాపువాళ్ళకి ఈ బాధ తక్కువని కూడా అప్పుడే అర్థమైంది. మన బూరెల మూకుట్లో పట్టేది అరలీటరు నూనె. ఆరు కాజాలు ఒకేసారి వేస్తే వేడి చటుక్కున పడిపోతుంది, మంట పెంచితే చటుక్కున లేచిపోతుంది. పెద్ద బాండీలో బోలెడు నూనె ఉంటే అంత తొందరగా చలించదు. ఊరికే కాదు, తాపేశ్వరం వాళ్ళకి పెద్ద పాత్రలతో పని కొత్త కాదు, 2016లో 29,465 కేజీల లడ్డూ చేసి గిన్నిస్ రికార్డు కొట్టింది ఆ ఊరివాళ్ళే. నేను ఉన్న మూకుట్లోనే ఆరు బదులు నాలుగు వేశాను. అంతకు మించి కిటుకు లేదు.

పిండి సంగతి. పావు కేజీ మైదా, చిటికెడు ఉప్పు, చిటికెడు వంట సోడా, రెండు పెద్ద చెంచాల వేడి నెయ్యి. ముందు నెయ్యి పిండికంతా పట్టేలా వేళ్ళతో బాగా నలపాలి, పిడికిట్లో పట్టి ఒత్తితే ముద్ద నిలబడాలి, అప్పుడే నీళ్ళు. నీళ్ళు నాకు 110 మిల్లీలీటర్లు పట్టాయి, మీ మైదాకి కొంచెం అటూఇటూ అవుతుంది. చపాతీ పిండి కంటే గట్టిగా, పూరీ పిండిలా ఉంటే చాలు. తడిగుడ్డ కప్పి గంటసేపు వదిలెయ్యాలి. నేను మొదటిసారి పావుగంటకే మొదలుపెట్టాను, ఒత్తుతుంటే రబ్బరులా వెనక్కి లాగేసుకుంది, సన్నగా రాలేదు. ఆ గంటలో గిన్నెలు తోముకోండి, ఎలాగూ తర్వాత ఇంకా పేరుకుంటాయి.

పొరల మధ్య పూయడానికి రెండు చెంచాల నెయ్యి, రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి పేస్టులా చేసుకోవాలి. నెయ్యి ఒక్కటే పూస్తే చుట్టేటప్పుడు పక్కలకి జారిపోతుంది, బియ్యప్పిండి దాన్ని పట్టి ఉంచుతుంది. నూనెలో పొర పొరకి అంటుకోకుండా విడిపోయేది దీనివల్లే. డాల్డాతో అయితే ఇంకా గుల్లగా వస్తాయని దొడ్డమ్మ అంటుంది కానీ, ఆ చల్లారిన డాల్డా అంగిలికి అతుక్కునే జిడ్డు నాకు పడదు, ఈ ఒక్క విషయంలో ఆవిడ మాట వినలేదు.

పిండిని మూడు ఉండలు చేసి, మూడూ వీలైనంత సన్నగా, కింద పీట గీతలు కనబడేంత సన్నగా ఒత్తాలి. ఒకదాని మీద పేస్టు పూసి రెండోది పరచడం, మళ్ళీ పూసి మూడోది, దానిమీదా పూసి, చాపలా గట్టిగా చుట్టేయడం. చివరి అంచుకి నీళ్ళ చెయ్యి రాసి అతికించాలి. రాయాలి! నేను రెండో ఆదివారం ఆఖరి వాయికి మర్చిపోయాను, నూనెలో పడగానే చుట్టంతా ఊడిపోయి రిబ్బన్లా మూకుడంతా పాకింది, తీసి చూస్తే కాజా కాదు, ఏ పేరూ లేని ఏదో వస్తువు. దాన్నీ పాకంలో ముంచుకుని తిన్నాం, అది వేరే సంగతి. చుట్టాక అంగుళం ముక్కలుగా కొయ్యాలి. కోసిన ముక్కని నిలబెట్టి కాకుండా పడుకోబెట్టి, అంటే కోసిన వైపులు రెండు పక్కలకీ ఉండేలా పెట్టి, అప్పడాల కర్రతో మధ్యన మెల్లగా ఒక్కసారి ఒత్తాలి. అంతే. రెండోసారి ఒత్తాలనిపిస్తుంది, చెయ్యి ఆపుకోండి. గట్టిగా ఒత్తితే పొరలన్నీ కలిసిపోయి బిస్కెట్ అవుతుంది. నాకు పావు కేజీకి 22 ముక్కలు వచ్చాయి. షాపులో దొరికే సైజు కాదు, దాంట్లో మూడో వంతు.

మూడో ఆదివారం పిండి కుదిరింది, సెగ కుదిరింది, పొరలు చూడముచ్చటగా విచ్చుకున్నాయి, నేను గాల్లో తేలుతున్నాను. అప్పుడు పాకం పట్టుకుంది నన్ను. పక్క పొయ్యి మీద 300 గ్రాముల పంచదార, ముప్పావు గ్లాసు నీళ్ళు పెట్టి, కాజాల ధ్యాసలో పడి చూడలేదు. తీగపాకం దాటి ముదిరిపోయింది. అయినా పర్లేదులే అని వేశాను. పది నిమిషాలకి కాజాల మీద తెల్లగా పంచదార పేరుకుంది, సున్నం కొట్టిన గోడలా. లోపలికి పాకం పోలేదు సరికదా, పైన పంటికి గరగర. మా పక్కింటి ఆంటీకి పట్టుకెళ్ళి ఇస్తే "షుగర్ కోటింగా? బావుందమ్మా, వెరైటీగా" అన్నారు. ఆవిడ నిజంగానే అన్నారో, నా మొహం చూసి అన్నారో తెలీదు.

ఆ రాత్రే రెండో విడత కూచున్నాను, కోపంతో. ఈసారి పాకం ముందే పట్టేశాను. పంచదార కరిగి మరిగాక వేళ్ళ మధ్య పట్టి చూస్తే జిగురుగా ఉండి, తీగ సాగీ సాగకుండా తెగిపోవాలి, లేతపాకం అంటే అదే. దించేముందు నాలుగు చుక్కల నిమ్మరసం, రెండు యాలకులు దంచి. నిమ్మరసం రుచి కోసం కాదు, పులుపు తగిలితే పంచదారలో కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోయి మళ్ళీ పలుకు కట్టకుండా ఉంటుంది. ఇది మాత్రం దొడ్డమ్మ చెప్పలేదు, నేను చదువుకున్న కెమిస్ట్రీ ఇన్నాళ్ళకి వంటింట్లో పనికొచ్చింది. పాకం గోరువెచ్చగా ఉండాలి, కాజా నూనెలోంచి తీసి ఒక్క నిమిషం ఆగి వేడివేడిగా వెయ్యాలి. పొరల మధ్య ఉన్న ఆవిరి చల్లబడుతూ పాకాన్ని లోపలికి లాక్కుంటుంది. రెండూ చల్లారితే కాజా అలిగినట్టు పైకి తేలి కూర్చుంటుంది, ఎంత ముంచినా తాగదు. మూడు నాలుగు నిమిషాలు నాననిచ్చి, చిల్లుల గరిటెతో తీసి, పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పెట్టాలి.

రాత్రి పదకొండున్నరకి మొదటిది విరిచాను, మళ్ళీ అదే బొటనవేలితో. తెల్ల ముద్ద లేదు. పొరలు లెక్కపెట్టాను, తొమ్మిది దాకా వచ్చి లెక్క తప్పింది. మధ్య పొరలో కూడా పాకం మెరుస్తోంది. మా ఆయన నిద్రలోంచి లేచొచ్చి నిలబడే రెండు తిన్నారు, మూడోది తీసుకుంటూ "షాపుదానిలా లేదు" అన్నారు. నేను చూసిన చూపుకి "అంటే, నెయ్యి వాసన ఉంది దీనికి, అది అందుకు" అని సర్దుకున్నారు. నిజమే, షాపుదానిలా లేదు. సైజులో చిన్నది, పొరలు కాస్త మందం, ఆ ఎర్రటి రంగు మనకి రాదు. కానీ రెండోది తినబుద్ధేసే కాజా.

మర్నాడు ఆఫీసుకి నాలుగు పట్టుకెళ్ళాను, ఒకటి పళ్ళెంలోనే మెత్తబడింది. మూత పెట్టిన డబ్బాలో మూడు రోజులు బాగానే ఉంటాయి, ఆ తర్వాత కరకర పోయి సాగుడు మొదలవుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, నెయ్యి గడ్డకట్టి కొవ్వొత్తి కొరికినట్టు ఉంటుంది. మిగిలిన పాకం పారబొయ్యద్దు, నేను మర్నాడు బ్రెడ్ ముక్కలు నెయ్యిలో వేయించి అందులో వేశాను. వేయించిన నూనె కూడా సన్నసెగ మీదదే కాబట్టి పెద్దగా మాడలేదు, వడకట్టి రెండు రోజులు తాలింపుల్లో వాడేశాను.

పదకొండు కాజాలు విడిగా డబ్బాలో సర్ది, ఊరెళ్తున్న మా తమ్ముడి చేతికిచ్చి దొడ్డమ్మకి పంపించాను. వాడు దారిలో తినకుండా డబ్బాకి టేపు వేశాను, ఇలాంటి విషయాల్లో మా ఇంటివాళ్ళ సంగతి నాకు తెలుసు. రెండ్రోజులకి ఫోన్ వచ్చింది. పొరలు విచ్చుకున్నాయంది. పాకం ఇంకొంచెం పట్టాల్సిందంది. ఎదురింటావిడ నాలుగు పట్టుకెళ్ళిందంది. అంతా చెప్పి, పెట్టేసేముందు అడిగింది.

"అయితే ఈసారి మన చిన్నదాని సారెకి నూటొకటీ నువ్వే చేసేస్తావా ఏమే?"

లైన్ సరిగ్గా లేదు దొడ్డమ్మా, మళ్ళీ చేస్తానని పెట్టేశాను.